టాప్ 100లోకి రాని ప్లేయర్, నంబర్ 1 ప్లేయర్లకి కోచ్ ఎలా అయ్యాడు?

ఈరోజు ఎపిసోడ్‌లో టెన్నిస్ గురించి మాట్లాడుకుందాం. ఫెదరర్, జొకోవిచ్ గురించి కాదు. మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక ఐర్లాండ్ ప్లేయర్ గురించి. పేరు డేవిడ్ ఓ'హేర్.

2023 యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ గుర్తుందా? మన రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో, మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆడాడు. ఫస్ట్ సెట్ 6-2తో వీళ్లే గెలిచారు. తర్వాత రెండు సెట్లు 6-3, 6-4తో పోయాయి. ఆ రోజు మన ఆశ మీద నీళ్లు చల్లిన జోడీ రాజీవ్ రామ్, జో సాలిస్‌బరీ. 2021, 2022, 2023... వరుసగా మూడేళ్లు యూఎస్ ఓపెన్ గెలిచారు. 1968లో ఓపెన్ ఎరా మొదలయ్యాక అక్కడ ఏ పురుషుల జోడీ అలా గెలవలేదు. ఆ ఇద్దరికీ కోచ్‌గా పనిచేసినవాడే ఓ'హేర్.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఓ'హేర్ ప్లేయర్‌గా ఎంత పెద్దవాడు? నిజం చెప్పాలంటే, పెద్దవాడు కాదు. సింగిల్స్‌లో ర్యాంకు వెయ్యి దాటే ఉండేది. డబుల్స్‌లోనూ టాప్ 100లోకి రాలేకపోయాడు. మరి అంత పెద్ద ప్లేయర్లు ఇతని మాట ఎందుకు విన్నారు? దీనికి మూడు విషయాలు అర్థం చేసుకోవాలి.

మొదటిది, ఐర్లాండ్. అక్కడ పిల్లలు చూసేది గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్, రగ్బీ. టెన్నిస్ వాటి వెనకాల ఎక్కడో ఉంటుంది. అందుకే టెన్నిస్‌లో ఎదగాలనుకునే ఐర్లాండ్ కుర్రాళ్లలో చాలామంది అమెరికా కాలేజీల దారి పడతారు. స్కాలర్‌షిప్ వస్తుంది, చదువూ అవుతుంది, మ్యాచ్‌లూ దొరుకుతాయి. ఇది మనకి తెలియని దారేం కాదు. మన ఆంధ్రా ప్లేయర్ సాకేత్ మైనేని కూడా అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చినవాడే. ఓ'హేర్ మెంఫిస్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ టీమ్‌మేట్ ఎవరో తెలుసా? లండన్ నుంచి వచ్చిన జో సాలిస్‌బరీ.

కాలేజీ అయ్యాక ఇద్దరూ కలిసి చిన్న టోర్నీల్లో డబుల్స్ ఆడారు. ఓ'హేర్ ఐర్లాండ్ తరఫున డేవిస్ కప్ కూడా ఆడాడు.

రెండోది, డబ్బు. చిన్న టోర్నీలు అన్నాను కదా, వాటి సంగతి చెప్తాను. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అడుగు మెట్టు ఫ్యూచర్స్ టోర్నీలు. అక్కడ మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. ఒక్కరికి కాదండోయ్, టోర్నీ మొత్తానికి! సింగిల్స్, డబుల్స్ ప్లేయర్లందరూ అందులోంచే పంచుకోవాలి. డబుల్స్‌లో వచ్చిన కాస్తా మళ్లీ పార్ట్‌నర్‌తో సగం. ఫ్లైట్, రూమ్, తిండి అన్నీ జేబులోంచే. అదే 2023 యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో ఫస్ట్ రౌండ్‌లో ఓడిపోయినవాళ్లకి 81,500 డాలర్లు ఇచ్చారు. తేడా చూశారా?

ఐర్లాండ్‌కే చెందిన కానర్ నైలాండ్ 2011లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండూ ఆడాడు. ఈ కింది మెట్ల మీద బతుకు ఎంత ఒంటరిగా ఉంటుందో తర్వాత ‘ద రాకెట్’ అనే పుస్తకంలో రాశాడు. అంటే టాలెంట్ ఉన్నా చాలామంది ఎందుకు ఆగిపోతారు అనేదానికి లెక్క చాలా సింపుల్. నెలనెలా ఖర్చు ఉంటుంది, ఆదాయం ఉండదు.

అలాంటి చోట ఒక రోజు నిర్ణయం తీసుకోక తప్పదు. సాలిస్‌బరీ పైకి వెళ్లాడు, 2022 ఏప్రిల్‌లో డబుల్స్ వరల్డ్ నంబర్ 1 అయ్యాడు. ఓ'హేర్ రాకెట్ పక్కన పెట్టి కోచింగ్‌లోకి వచ్చాడు. ఒకే టీమ్‌లో ఆడిన ఇద్దరిలో ఒకరు స్టార్, ఇంకొకరు ఆ స్టార్‌కి కోచ్. వినడానికి బాగుంటుంది గానీ, ఈగో ఉన్నవాడికి ఇది అంత ఈజీ కాదు.

మూడోది, డబుల్స్ ఆట తీరు. డబుల్స్ అంటే సింగిల్స్‌కి ఇంకో మనిషిని కలపడం కాదు. ఇది వేరే ఆట. ఏటీపీ టోర్నీల్లో డబుల్స్‌కి డ్యూస్ దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్. అంటే రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయితే మ్యాచే మారిపోతుంది.

అందుకే ప్రతి పాయింట్‌కీ ముందే ప్లాన్ ఉంటుంది. సర్వ్ చేసే ముందు నెట్ దగ్గరున్న ప్లేయర్ చెయ్యి వెనక్కి పెట్టి వేళ్లు చూపించడం గమనించారా? ‘నేను అటు దూకుతా, నువ్వు ఇటు కవర్ చెయ్’ అని సైగ అది. ఒక్కోసారి అతను కోర్టు మధ్యలో వంగి కూర్చున్నట్టు ఉంటాడు. దాన్ని ఐ-ఫార్మేషన్ అంటారు. బంతి తిప్పికొట్టేవాడికి ఇతను ఎటు కదులుతాడో చివరి క్షణం దాకా తెలియకూడదు, అదీ ఐడియా.

ఇక్కడే కోచ్ పని మొదలవుతుంది. ఎదుటివాడు ప్రెషర్‌లో రిటర్న్ ఎటు కొడతాడు? డ్యూస్ పాయింట్ వస్తే సర్వ్ ఎక్కడ వెయ్యాలి? మనవాళ్లిద్దరిలో ఎవరు ఏ వైపు నిలబడాలి? వీటికి జవాబులు చెప్పడానికి 200 కిలోమీటర్ల వేగంతో సర్వ్ చెయ్యక్కర్లేదు. ఆటని చదవడం రావాలి. వేరే స్వభావాలున్న ఇద్దరికి ఒకే మాట అర్థమయ్యేలా చెప్పడం రావాలి. ఏళ్ల తరబడి చిన్న కోర్టుల్లో డబుల్స్ ఆడినవాడికి అది వస్తుంది. పైగా పార్ట్‌నర్‌గా ఆడినవాడికి సాలిస్‌బరీ బలమేంటో, ఎప్పుడు టెన్షన్ పడతాడో వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఈ కథలో నచ్చింది ఇదే. ‘ఆడటంలో ఫెయిల్ అయ్యాడు కాబట్టి కోచ్ అయ్యాడు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. క్రికెట్‌లో కూడా అంటాం. కానీ ఆడటం ఒక పని, ఆడించడం ఇంకో పని. మొదటిదాంట్లో ర్యాంకు 100 దాటినంత మాత్రాన రెండోదాంట్లో కూడా అంతే అని కాదు.

మీరు ఇప్పుడు ఏదైనా ఆటలో, చదువులో, పనిలో ఎంత కష్టపడినా ఒక చోట ఆగిపోయి ఉంటే, ఒక్కటి ఆలోచించండి. ఇన్నేళ్లలో మీరు నేర్చుకున్నది ఎవరికి పనికొస్తుంది? పక్కన మీతో పాటు ఆడుతున్నవాళ్లు ఎవరు?

ఈసారి టీవీలో డబుల్స్ మ్యాచ్ వస్తే ఛానల్ మార్చకండి. ముందు ఆ వేళ్ల సైగలు చూడండి, తర్వాత కెమెరా ప్లేయర్స్ బాక్స్ వైపు తిరిగినప్పుడు అక్కడ కూర్చున్నవాళ్లని చూడండి. మీకు తెలిసిన ఇలాంటి కోచ్‌లు ఎవరైనా ఉంటే కామెంట్‌లో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.