తోపుడు బండిపై తరలిన రంగస్థలం

నాటకమనగానే విశాలమైన రంగస్థలము, ఖరీదైన తెరలు, దండిగా ధనము కావలెనని మన విద్యార్థులు భావిస్తుంటారు. అవి లేవు గనుక నాటకమే వద్దనుకొనేవారిని మేము ఎరుగుదుము. అట్టివారి కొరకు పారిస్ నగరంలోని ఒక చిన్న నాటకశాల కథను వివరింపదలచినాము.

ఆంద్రె ఆంత్వాన్ గ్యాసు కంపెనీలో సామాన్య గుమాస్తా. అతడు సభ్యుడుగా ఉన్న ఔత్సాహిక నాటక సమాజం క్రొత్త రచనలకు జంకింది. అంతట అతడు మోమార్త్ర్ ప్రాంతపు సందులోని చిన్న హాలును తన జీతపు డబ్బుతో అద్దెకు తీసుకొన్నాడు. దాని సామర్థ్యం 343 మంది మాత్రమే. తల్లి ఇంటి భోజనాల గదిలోని బల్లలు, కుర్చీలు తోపుడు బండిపై తెచ్చి రంగస్థలంపై అమర్చినాడు. 1887 మార్చి 30న నాలుగు ఏకాంకికలతో 'తేయాత్ర్ లీబ్ర్', అనగా స్వేచ్ఛా రంగస్థలం, ఆరంభమైంది. ఎమిల్ జోలా కథకు నాటకీకరణమైన 'జాక్ దామూర్' ఆ రాత్రి ప్రేక్షకుల మన్నన పొందింది.

ఆనాడు ఫ్రాన్సులో బహిరంగ ప్రదర్శనకు ప్రభుత్వ పరిశీలకుల అనుమతి తప్పనిసరి. ఆంత్వాన్ టిక్కెట్లు అమ్మక, చందాదారుల ఎదుట మాత్రమే ప్రదర్శించి ఆ నిర్బంధాన్ని తప్పించుకొన్నాడు. అందుచేతనే రష్యాలో నిషిద్ధమైన టాల్‌స్టాయ్ నాటకం 'చీకటి శక్తి' 1888లోను, ఇబ్సెన్ 'ప్రేతాలు' 1890లోను అక్కడ వెలుగు చూచినవి. రంగస్థలాన్ని ఒక గోడ తొలగించిన గదిగా భావించి, నటులు అవసరమైనచోట ప్రేక్షకులకు వీపు త్రిప్పి సహజంగా మాట్లాడేవారు. 1888లో ఒక కసాయి దుకాణపు దృశ్యానికి నిజమైన మాంసాన్నే వ్రేలాడదీసినారు!

ఈ ప్రయోగం చూచి 1889లో బెర్లిన్‌లో, 1891లో లండన్‌లో ఇట్టి రంగస్థలాలు వెలిసినవి. కాని చందాలు ఖర్చులకు చాలలేదు. అప్పులపాలైన ఆంత్వాన్ 1894లో దానిని విడిచిపెట్టినాడు. కొద్ది కాలానికే అది మూతపడింది. అయినను అది నేర్పిన సహజత్వం నిలిచిపోయింది.

దానితో సంబంధం లేకపోయినను, ఆ సంవత్సరాలలోనే, 1892లో, మన విజయనగరంలో గురజాడవారి 'కన్యాశుల్కం' వాడుక భాషలో ప్రదర్శితమైన సంగతి స్మరణీయం.

కావున మన విద్యార్థులు ముందు చెప్పవలసిన మాటను వెదుకుకొందురు గాక! బల్లలు, కుర్చీలు మన తరగతి గదులలో ఉండనే ఉన్నవి. ఒక గది తాళము, ఒక సాయంకాలము వారికిప్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయ మనవి.