మీకు తెలుసా? ఒక్క బోరు, ఎన్నో అర్థాలు

రాప్తాడులో ‘బోరు’ అనగానే రైతుకు గుర్తొచ్చేది నీళ్లే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలలో చీనీ చెట్లు బతకాలన్నా, వేరుశనగకు ఒక తడి అందాలన్నా అదే దిక్కు. నీటి జాడ కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు. అది నిటారుగా లేచిన చోట పాయింటు పెడతారు. శాస్త్రం ఒప్పుకోదు, ఆశ ఊరుకోదు. బోరు లారీ వస్తుంది, కేసింగు దిగుతుంది, తెల్లటి రాతిపొడి లేస్తుంది. నీళ్లు పడకపోతే ‘బోరు ఫెయిలు’, అప్పు మిగులు.

ఇంగ్లిషులో ఈ మాటకు అసలు అర్థం తొలవడం. తుపాకీ గొట్టం లోపలి వెడల్పూ బోరే. పన్నెండు బోరు అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయని లెక్క. సముద్రపు పోటుకు హుగ్లీ నదిలో ఎదురెక్కే అల పేరూ అదే. ‘బోరు కొడుతోంది’లోని విసుగు 18వ శతాబ్దంలో వచ్చి చేరింది.

‘బోరున ఏడవడం’ మాత్రం మన తెలుగుదే.

ఆ ఏడుపు ఏ ఇంటా వినపడకూడదంటే, ఎండిపోయిన బోరు గుంతను మూత వేయకుండా వదలకండి. పసిపిల్లలు పడిపోతున్నారు.