ఇల్లు విక్రయింపదలచినవారు ముందుగా వేసికొనవలసిన లెక్క

దుగ్గిరాల యార్డునకు పసుపు తోలుకొనివచ్చు రైతునకు ఒక సంగతి యెవరును నేర్పనక్కరలేదు. యార్డులో పలికిన ధర వేఱు. ఇంటికి చేరు సొమ్ము వేఱు. గోనెలు, బండి బాడుగ, కూలి మున్నగువానిని ముందే లెక్కించుకొని గాని యాతడు సరుకు దింపడు. అట్టి రైతే తన యిల్లు విక్రయింపదలచినపుడు, కుదిరిన బేరమంతయు తన చేతికే వచ్చునని తలంచి, దానినిబట్టి అప్పులవారికి గడువు చెప్పును. వేఱొక యింటికి బయానా యిచ్చును. తుదకు సొమ్ము చాలక క్రొత్తయప్పునకు పోవలసివచ్చును.

రిజిస్ట్రేషను ఖర్చు కొనువానిదే గదా, మనకు వ్యయమేమని కొందఱందురు. వేఱు ఒడంబడిక లేనిచో క్రయపత్రముపై స్టాంపు సుంకము కొనువాడే భరింపవలెనని 1899వ సంవత్సరపు స్టాంపు చట్టము చెప్పుచున్న మాట నిజమే. కాని విక్రయదినము వఱకు బాకీపడిన యింటిపన్ను మున్నగునవియు, తాకట్టుపై వడ్డీయు అమ్మువాడు చెల్లింపవలెనని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను విధించుచున్నది.

ఉదాహరణమునకు, 25 లక్షలకు కొన్న యిల్లు 40 లక్షలకు బేరము కుదిరినదనుకొందము. మధ్యవర్తికి నూటికి రెండు చొప్పున 80,000; సున్నము, మరమ్మతులు 60,000; పన్నుబాకీలు, కరెంటు బిల్లులు, కాగితముల ఖర్చులు 25,000; సామానుల తరలింపు 25,000. వెరసి 1,90,000 రూపాయలు. బ్యాంకు అప్పు 8 లక్షలున్నచో అదియు ముందుగా తీరవలెను.

ఇక ఆదాయపు పన్ను. గ్రామమందలి సేద్యపుభూమి విక్రయముపై ఈ పన్ను లేదు గనుక ఇంటికిని లేదని పెక్కురు పొరబడుచున్నారు. ఇంటికి ఆ మినహాయింపు వర్తింపదు. రెండేండ్లకు మించి తన స్వాధీనమందున్న యింటిని విక్రయించిన, 2024 జులై 23 మొదలు లాభముపై నూటికి 12.5 వంతున పన్ను కలదు. ఆ తేదీకి పూర్వము కొన్న యింటికి, ధరల పెరుగుదలను కలుపుకొని నూటికి 20 వంతున లెక్కించుకొను వీలు నివాసులకు గలదు; రెంటిలో తక్కువదానిని చూచుకొనవచ్చును. పై యుదాహరణములో మధ్యవర్తి రుసుము తీసివేయగా లాభము 14,20,000. మొదటి పద్ధతిని సెస్సుతో కూడ పన్ను 1,84,600. ఇతరాదాయము స్వల్పమైనవారికి ఇది తగ్గవచ్చును. అన్నియు పోగా మిగులునది 28,25,400 రూపాయలే!

లాభపు సొమ్ముతో రెండేండ్లలోగా వేఱొక యిల్లు కొన్నను, మూడేండ్లలోగా కట్టుకొన్నను పన్ను మినహాయింపు లభించును. అంతవఱకు వ్యయముగాని సొమ్మును, రిటర్ను గడువులోగా, బ్యాంకులో ఇందుకై యేర్పడిన ప్రత్యేక ఖాతాయందు ఉంచవలెను. పిత్రార్జితమైన యిల్లు 2001 ఏప్రిల్ 1కి పూర్వపుదైనచో, ఆనాటి విలువనే కొన్నధరగా తీసికొనవచ్చును. కొన్న దస్తావేజును, కట్టడపు రసీదులను పారవేయరాదు. అవి లేనిదే లాభము తగ్గించి చూపుట కష్టము.

బయానా సయితము 20,000 రూపాయలుగాని అంతకు మించిగాని నగదుగా పుచ్చుకొనుట సాధారణముగా నిషిద్ధము. పుచ్చుకొన్నంత మొత్తమును జరిమానా పడవచ్చును. చెక్కు మూలముననో బ్యాంకు ఖాతా మూలముననో పుచ్చుకొనుట క్షేమము.

కావున బయానా చేతబట్టుటకు ముందే యొక కాగితముపై ఈ పద్దులన్నియు వ్రాసి, తెలియని ఖర్చులకు కొంత విడిచి, మిగిలినదానినే తమ సొమ్ముగా భావించి యప్పులవారికి మాట యిచ్చుట మేలని సభ్యులకు మనవి చేయుచున్నాము.