మనసుకు మందుంటే చాలదు... పక్కన మనిషుండాలి!

ఆదివారం మధ్యాహ్నం. వంటిల్లు సర్దుకుని మీరలా నడుం వాల్చారో లేదో ఫోను మోగింది. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు కూతురు! ఆ మాటా ఈ మాటా అయ్యాక మెల్లగా అడుగుతుంది. "అత్తా, చిన్నత్తకి ఇంకా నిద్ర పట్టడం లేదా? ఇక్కడ ఏదో పుట్టగొడుగుల మందిచ్చి మనసులో దిగులు పోగొడుతున్నారట. మీరూ ఒకసారి కనుక్కోకూడదూ?"

"అమ్మో, మత్తుమందా!" అని మీరు గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అయినా ఆ మాట మనసులో ఓ మూల ఉండిపోతుంది. రెండేళ్ళుగా మీ తోడికోడలు పడుతున్న బాధ కళ్ళారా చూస్తున్నారు మరి!

ఈ మాట మీ ఇంట్లో ఇంకా రాకపోయినా, నేడో రేపో మీ చెవిన పడుతుంది. అప్పుడు కంగారు పడకుండా, అలాగని మోసపోకుండా ఉండాలంటే అసలు సంగతేమిటో తెలిసి ఉండాలి కదూ!

ఏమిటీ మందు?

మనం కూర వండుకునే పుట్టగొడుగులు వేరు, ఇవి వేరు. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో సైలోసిబిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్ళాక కొన్ని గంటలపాటు రంగులు, చప్పుళ్ళు, కాలం అన్నీ మారిపోయినట్టు తోస్తాయి. ఎప్పుడో అణచిపెట్టుకున్న ఏడుపులు, భయాలు పైకి తన్నుకొస్తాయి. ఇలాంటి వాటిని సైకెడెలిక్ మందులంటారు. 1943లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎల్.ఎస్.డి. ప్రభావాన్ని కనిపెట్టాడు. 1950లలో కొందరు మానసిక వైద్యులు దాన్ని రోగులకు వాడి చూశారు. ఆ తర్వాత అది కుర్రకారు చేతుల్లో పడింది. ప్రభుత్వాలు నిషేధించాయి. పరిశోధనలూ చాలావరకు మూలబడ్డాయి. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం సైలోసిబిన్ మీద ఒక అధ్యయనం ప్రచురించాక మళ్ళీ ఊపందుకున్నాయి.

ఎం.డి.ఎం.ఏ. అనే ఇంకో మందు ఉంది. దాన్ని పీడకలలా వెంటాడే జ్ఞాపకాలకు వాడి చూస్తున్నారు. 2023 అక్టోబరు 29 రాత్రి మన విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండల మధ్య రెండు ప్యాసింజరు రైళ్ళు ఢీకొన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్ళలో కొందరికి ఒంటి మీద గాయాలు మానినా మనసులోది మానదు. రైలు కూత వినబడితే చాలు గుండె దడదడలాడుతుంది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. ఇది పిరికితనం కాదు, జబ్బు.

ఈ జబ్బున్న 90 మందితో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఎం.డి.ఎం.ఏ. తీసుకున్నవాళ్ళలో నూటికి 67 మంది ఆ జబ్బు లక్షణాల కొలతలోంచి బయటపడ్డారు. బాగుంది! కానీ ఇంకో అంకె కూడా చూడండి. ఉత్తుత్తి మాత్ర మింగి, అదే చికిత్సకుల దగ్గర అవే మాటలు మాట్లాడుకున్నవాళ్ళలో కూడా నూటికి 32 మందికి అంతే గుణం కనిపించింది. అంటే పక్కన కూర్చున్న మనిషి కూడా ఒక మందే అన్నమాట!

మంత్రసాని ఏం చేసేది?

మన అమ్మమ్మల కాలంలో పురుడంటే మంత్రసాని రావలసిందే. నొప్పులు పడేది బాలింత కాబోయే పిల్లే, మంత్రసాని కాదు. తొందరపెట్టేది కాదు, భయపెట్టేది కాదు. గంటల తరబడి పక్కన కూర్చునేది. మంచి మంత్రసానికి ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు, ఎప్పుడు బండి కట్టించి ఆసుపత్రికి పంపాలో కూడా తెలుసు. అది తెలియని మనిషి చేతిలో పడితే తల్లికీ బిడ్డకీ ముప్పే!

ఈ చికిత్సలో పక్కన కూర్చునేవాళ్ళ పని ఇంచుమించు అలాంటిదే. నేను చెప్పిన ప్రయోగంలో మాత్ర చేతికివ్వకముందే గంటన్నర చొప్పున మూడు సార్లు మాట్లాడారు. మందిచ్చిన రోజున దాదాపు ఎనిమిది గంటలపాటు ఇద్దరు చికిత్సకులు గది దాటలేదు. అలాంటి రోజులు మూడు, నెలకొకటి చొప్పున. ఆ తర్వాత, పైకొచ్చిన సంగతులను బతుకులో ఎలా ఇముడ్చుకోవాలో మాట్లాడుకోవడానికి మరో తొమ్మిది సార్లు కూర్చున్నారు. మాత్ర మింగడం ఒక్క క్షణం పని. మిగిలినదంతా మనుషుల పని.

ఆ మనుషులకు చదువు చెప్పేదెవరు?

మామూలు డాక్టరు చదువులో ఇది లేదు. అందుకే ప్రత్యేక శిక్షణలు మొదలయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో హరిదాస్ చౌధురి అనే బెంగాలీ తత్వవేత్త 1968లో స్థాపించిన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటిగ్రల్ స్టడీస్ ఉంది. 2016లో అక్కడ వైద్యులకు, నర్సులకు, కౌన్సెలర్లకు ఇందులో సర్టిఫికెట్ కోర్సు పెట్టారు.

ఇలాంటి శిక్షణల్లో ఏం నేర్పుతారంటారా? మొదటిది, ఎవరికి ఈ మందు ఇవ్వకూడదో. లేనివి కనబడే, వినబడే జబ్బులున్నవాళ్ళకు, రక్తసంబంధీకుల్లో అలాంటి జబ్బులున్నవాళ్ళకు, గుండెజబ్బువాళ్ళకు, గర్భిణులకు ప్రయోగాల్లో సాధారణంగా చోటివ్వరు. రెండోది, రోగి ఏడుస్తున్నా, భయపడుతున్నా తొణక్కుండా ఉండటం. సలహాలు గుప్పించకుండా నోరు కట్టుకుని వినడం. (ఇది మనందరికీ కష్టమే సుమండీ!) మూడోది హద్దులు. చెయ్యి పట్టుకోవచ్చా, భుజం మీద చెయ్యి వెయ్యొచ్చా అన్నది మందివ్వకముందే, రోగి పూర్తి తెలివిలో ఉన్నప్పుడే అడిగి తేల్చుకోవాలి.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 2020లో జనం ఓటు వేసి సైలోసిబిన్ సేవలకు ఒప్పుకున్నారు. 2023లో కేంద్రాలు తెరిచారు. పక్కన కూర్చునేవాళ్ళు డాక్టర్లే కానక్కర్లేదు గానీ 120 గంటల పాఠాలు, 40 గంటల ప్రత్యక్ష అనుభవం పూర్తిచేసి, పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. 2023 జూలై 1 నుంచి ప్రత్యేక అనుమతి పొందిన మానసిక వైద్యులు మాత్రమే కొన్ని జబ్బులకు ఈ మందులు రాయవచ్చంది.

నమ్మకం చెడిన చోట

ఆడవాళ్ళం మనం తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కెనడాలో జరిగిన ఒక ఎం.డి.ఎం.ఏ. ప్రయోగంలో, మందు ప్రభావంలో ఉన్న మహిళతో చికిత్సకులు హద్దు మీరి ప్రవర్తించిన దృశ్యాలు వీడియోలో బయటపడ్డాయి. ఆ ప్రయోగంతో ముడిపడ్డ మూడు పరిశోధన వ్యాసాలను 2024 ఆగస్టులో ఒక వైద్య పత్రిక వెనక్కి తీసుకుంది. అదే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎం.డి.ఎం.ఏ. చికిత్సకు అనుమతి నిరాకరించి, ఇంకో పెద్ద ప్రయోగం చేసి రమ్మంది. అంతకు రెండు నెలల ముందే ఆ సంస్థ సలహా సంఘంలో 11 మందికి గాను 10 మంది, దీని లాభం ప్రమాదాన్ని మించుతుందని ఒప్పుకోలేదు.

ఒళ్ళు తెలియని స్థితిలో, మనసు విప్పి ఉన్న ఆడమనిషికి ఎదుటివాళ్ళ మంచితనమొక్కటే రక్షణ అంటే సరిపోదు. శిక్షణ ఉండాలి, పైన చూసేవాళ్ళుండాలి, తప్పు చేస్తే లైసెన్సు పోతుందన్న భయముండాలి.

మరి మన దగ్గర?

ముందు చట్టం మాట. ఎల్.ఎస్.డి., సైలోసిబిన్, ఎం.డి.ఎం.ఏ. మూడూ మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. వైద్యమని చెప్పి ఎవరైనా అమ్మినా, తెప్పించినా నేరమే. తొలకరికి మొలిచిన అడవి పుట్టగొడుగులతో సొంత ప్రయోగాలు అసలే వద్దు. విషపు జాతి తగిలితే కాలేయం పాడై ప్రాణం మీదికొస్తుంది.

ఈ కోవకు దగ్గరగా ఉండి, మన ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్నది కెటమిన్. ఆపరేషన్లకు మత్తిచ్చే మందే! ఏ మందుకూ లొంగని దిగులుకు దీన్ని తక్కువ మోతాదులో వాడి మేలు చూస్తున్నారు. దీని తోబుట్టువులాంటి ముక్కు మందుకు 2019లో అమెరికా అనుమతిచ్చింది. అక్కడ కూడా దాన్ని ఇంటికివ్వరు. ఆసుపత్రిలోనే తీసుకుని, కనీసం రెండు గంటలు వాళ్ళ కళ్ళముందే ఉండాలి.

ఇక మన జిల్లాల సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. ఆ నవంబరులోనే గుజరాత్ వైపు వేటకెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఏడాదికి పైగా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా గడిపి ఉంటారో ఊహించండి! వలస పోయిన మగవాళ్ళ కోసం ఎదురుచూపులు సరేసరి. ఇంత బాధకూ ఊళ్ళో దొరికే మాటలేమిటి? "గాలి సోకింది", "చిల్లంగి పెట్టారు", "దానికేటి, తిని కూకోలేక!" అంతేగా?

నిజానికి మనకు ముందు కావలసింది కొత్త మందు కాదు. ఉన్న మందులూ, మాటలూ సరిగ్గా అందించే మనుషులు. అది కుదురుతుందనడానికి పశ్చిమ గోదావరి జిల్లాలో చేసిన పని ఉంది. స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పథకంలో ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, చేతికి చిన్న కంప్యూటరు పలకలిచ్చి, ఇంటింటికీ వెళ్ళి దిగులును గుర్తుపట్టి పి.హెచ్.సి. డాక్టరు దగ్గరికి పంపేలా చేశారు. మన గుమ్మంలోకొచ్చి పిల్లల టీకాల సంగతి అడిగే ఆ అమ్మాయే "నిద్ర పడుతోందా పిన్నీ?" అని కూడా అడగగలదన్నమాట!

మనవైపు ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి ఇవి:

* 14416. టెలిమానస్ ఉచిత ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

* శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఎక్కడని అడగండి. పెద్ద చికిత్స కావాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

* వాడుతున్న మాత్రలు "కొత్త వైద్యం" కోసమని మీ అంతట మీరు ఆపకండి.

* "చచ్చిపోవాలనుంది" అన్న మాట వినబడితే తిట్టకండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందులు అందకుండా దాచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎవరైనా కొత్త చికిత్స అంటే ఈ నాలుగూ అడగండి. మీరేం చదివారు? ఎక్కడ నమోదయ్యారు? గదిలో ఇంకెవరుంటారు? ఏదైనా అయితే రాత్రి ఎవరికి ఫోను చెయ్యాలి? తడబడితే లేచి వచ్చెయ్యండి, మొహమాటం వద్దు.

ఇక అమెరికా అమ్మాయికేం చెబుతారు? "నువ్వు చెప్పింది గాలి కబురు కాదే తల్లీ. కానీ అదింకా పరీక్షల్లోనే ఉంది, మన దగ్గర చట్టం ఒప్పుకోదు. ముందు చిన్నత్తను పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను" అనండి.

అన్నట్టు, ఆసుపత్రికి వెళ్ళేలోపు చెయ్యగలిగింది ఒకటుంది. ఇవాళ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆమె పక్కన కూర్చోండి. "ఏటమ్మా, ఎలాగుంది?" అని అడిగి, సలహా చెప్పకుండా వినండి. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు!