డేటాబేసు ప్రోగ్రామింగు ధ్రువపత్ర పరీక్ష

డేటాబేసు ప్రోగ్రామింగు ధ్రువపత్ర పరీక్ష అనగా, పట్టికల రూపంలో నిల్వ చేసిన సమాచారాన్ని వెలికితీయటంలోను, దానిపై పనిచేసే ప్రోగ్రాములను వ్రాయటంలోను అభ్యర్థికి గల నేర్పును, ఆ సాఫ్టువేరును తయారుచేసిన సంస్థే పరీక్షించి యోగ్యతాపత్రము ఇచ్చే పద్ధతి. వీటిలో ఒరాకిల్ సంస్థ నిర్వహించే ఎస్.క్యు.ఎల్., పి.ఎల్./ఎస్.క్యు.ఎల్. పరీక్షలు తెలుగు విద్యార్థులకు బాగా పరిచితమైనవి.

చరిత్ర

1970లో ఐ.బి.ఎం. శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికల సంబంధాలుగా చూపే సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దాని ఆధారంగా 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ రూపొందించిన సీక్వెల్ భాషే తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది. 1977లో స్థాపించబడి, తరువాత ఒరాకిల్‌గా పేరు మార్చుకొన్న సంస్థ 1979లో ఈ భాషతో పనిచేసే డేటాబేసును విక్రయానికి తెచ్చింది. 1986లో ఎస్.క్యు.ఎల్. అమెరికా ప్రమాణంగాను, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగాను గుర్తింపు పొందినది. షరతులు, ఆవృత్తులు వ్రాయటానికి వీలుగా 1988లో ఒరాకిల్ ఆరవ వెర్షనుతో పి.ఎల్./ఎస్.క్యు.ఎల్. వచ్చింది.

కావలిలో చదువు

నెల్లూరు జిల్లాలోని కావలిలో 1951లో జవహర్ భారతి కళాశాల, 1998లో పి.బి.ఆర్. విశ్వోదయ ఇంజనీరింగు కళాశాల ఏర్పడినవి. ఇంజనీరింగులో కంప్యూటర్ సైన్సు చదివేవారికి డేటాబేసు ఒక ముఖ్య పాఠ్యాంశము. అయితే విశ్వవిద్యాలయ పరీక్షలో నిర్వచనాలను, పట్టికల విభజన సూత్రాలను వివరించి వ్రాయవలసి ఉండగా, ధ్రువపత్ర పరీక్షలో ఒక ఆదేశాన్ని చూపి దాని ఫలితమేమిటో ఎంచుకొమ్మని అడుగుతారు. అందువలన తరగతిలో మంచి మార్కులు వచ్చిన విద్యార్థి కూడా ఇక్కడ తడబడవచ్చును.

ఈ శిక్షణకు హైదరాబాదులోని అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు ప్రసిద్ధి. చిన్న పట్టణాలనుండి వెళ్ళేవారికి శిక్షణ రుసుముతోపాటు హాస్టలు ఖర్చు కూడా భారమవుతుంది. పరీక్ష తప్పితే సాధారణంగా రుసుము మళ్ళీ చెల్లించాలి. 2006లో విడుదలైన ఒరాకిల్ 10జి ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితంగా లభించింది. దానిలో 4 గిగాబైట్ల సమాచారం వరకు నిల్వచేయవచ్చును. దీనివలన ఇంటి కంప్యూటరులోనే అభ్యాసం చేయటం సాధ్యమైనది. 2023 నుండి ఒరాకిల్ డేటాబేస్ ఫ్రీ అనే ఉచిత వెర్షను లభిస్తున్నది.

తరచు పొరబడే అంశాలు

నల్: విలువ తెలియని గడిని నల్ అంటారు. ఇది సున్న కాదు. ఉదాహరణకు 100 మంది విద్యార్థుల పట్టికలో ఊరు అనే గడిలో 60 మందికి కావలి, 30 మందికి ఇతర ఊళ్ళు ఉండి, 10 మందికి ఖాళీగా ఉన్నదనుకొందాము. "ఊరు కావలి కానివారు" అని అడిగితే 40 కాక 30 వరుసలే వస్తాయి. తెలియని విలువను కావలితో పోల్చినపుడు ఫలితం అవుననీ కాదు, కాదనీ కాదు. తెలియదు అని మాత్రమే. వరుసలన్నిటినీ లెక్కిస్తే 100, ఊరు గడిని లెక్కిస్తే 90 వస్తుంది. ఖాళీ గడులను వెదకటానికి సమాన గుర్తు పనికిరాదు, ఈజ్ నల్ అని వ్రాయాలి.

దోష నిర్వహణ: పి.ఎల్./ఎస్.క్యు.ఎల్.లో లేని హాజరు సంఖ్యతో విద్యార్థి పేరును ఒక చలరాశిలోకి తెమ్మంటే "నో డేటా ఫౌండ్" అనే దోషం ఏర్పడి, నియంత్రణ దోష విభాగానికి వెళుతుంది. కాని అదే సంఖ్యతో మార్కుల మొత్తాన్ని అడిగితే దోషం రాదు. చలరాశిలో నల్ చేరుతుంది. మొత్తాన్ని లెక్కించే ఆదేశం వరుసలు లేకపోయినా ఒక ఫలితాన్ని తప్పక ఇవ్వటమే దీనికి కారణము.

విలువ, పరిమితులు

పాత ప్రశ్నల సంకలనాలను విద్యార్థులు డంపులు అంటారు. అనుమతి లేకుండా బయటికి వచ్చిన ప్రశ్నలను వాడినట్లు తేలితే ధ్రువపత్రాన్ని రద్దుచేసే అధికారం సంస్థకు ఉన్నది. అంతేకాక, జవాబులు బట్టీపట్టినవారు ఇంటర్వ్యూలో ప్రశ్నను కొంచెం మార్చగానే చిక్కుకొంటారు. ధ్రువపత్రము ఉద్యోగానికి హామీ కాదు. వెర్షను మారితే పరీక్ష కూడా మారుతుంది. పైన చెప్పిన పట్టికవంటిదానిని స్వయంగా తయారుచేసి, ఫలితాన్ని ముందుగా ఊహించి, తరువాత ఆదేశాన్ని నడిపి సరిచూచుకొనే అలవాటు మాత్రం ఏ వెర్షనులోనైనా ఉపయోగపడుతుంది.