ముందు శస్త్రచికిత్సయా, ముందు బిడ్డయా?

ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని పెండ్లియై రెండేండ్లు దాటిన కోడలిని “విశేషమేమైన కలదా?” అని అడుగనివారరుదు. ఆమె స్థూలకాయురాలైనచో చిక్కు రెండింతలు: జీర్ణాశయమును కుదించు శస్త్రచికిత్స ముందు చేయించుకొనవలెనా, కాన్పు పిమ్మటనా?

మేము మొదట చూడుమనునది వయస్సు. శస్త్రచికిత్స పిదప 12 మొదలు 18 నెలలవరకు గర్భము ధరింపరాదని వైద్యులు చెప్పుదురు. ఆ కాలమున శరీరము వేగముగ తగ్గును. శిశువునకు పోషణ చాలకపోవచ్చును. 28 ఏండ్ల యామెకు ఆ జాగు భారము కాదు. 37 ఏండ్ల యామెకు అండములు తరుగుచుండును గనుక, ఆ యేడాదిన్నర మిక్కిలి విలువైనది. పి.సి.ఓ.ఎస్. గలవారికి నూటికి 5 నుండి 10 వంతుల బరువు తగ్గినను ఋతుక్రమము కుదురుపడుట కలదు; ముందది యత్నింపదగును.

శస్త్రచికిత్స చేయించుకొన్నవారు “మాకెట్లును గర్భము నిలువదు” అని యేమరుట ప్రమాదము. బరువు తగ్గగనే అండము విడుదల కావచ్చును. ప్రేగును దారి మళ్లించు పద్ధతిలో గర్భనిరోధక మాత్రలు సరిగ ఒంటబట్టకపోవచ్చును, లూపు మేలు.

స్వీడనులో 2015లో వెలువడిన పరిశోధనలో, శస్త్రచికిత్స పొందిన తల్లులలో గర్భకాల మధుమేహము నూటికి 1.9, అంతే స్థూలకాయముండి పొందనివారిలో 6.8. కాని ఎదుగుదల చాలని శిశువులు 7.6కు మారుగ 15.6 మంది. లాభనష్టములు రెండును నిజమే.

కొల్లేటి కొరమీను పులుసు ఎదుటనున్నను, నాలుగు ముద్దలకే కడుపు నిండును. కావున ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లము, కాల్షియము మాత్రలు మానరాదు. గర్భిణికి చక్కెర పరీక్షకై యిచ్చు గ్లూకోజు నీరు ఇట్టివారికి పడక కన్నులు తిరుగవచ్చును. శస్త్రచికిత్స సంగతి డాక్టరుకు ముందే చెప్పవలెను.