మీకు తెలుసా? పాటకి రెండు, సినిమాకి ఏడు

స్టీరియో పుట్టింది పాట కోసం కాదు, సినిమా మీద విసుగుతో! 1931లో లండన్‌లో అలన్ బ్లమ్లైన్ అనే ఇంజినీరు భార్యతో కలిసి సినిమాకెళ్లాడట. నటుడు తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నా గొంతు మాత్రం ఒక్కచోటి నుంచే వస్తోంది. దీన్ని బాగుచేసే ఉపాయం నా దగ్గరుందని ఆవిడతో అన్నాడని చెబుతారు. ఆయన ఉద్యోగం ఈఎంఐలో, అంటే మనకు కుక్కబొమ్మతో తెలిసిన హెచ్‌ఎంవీ రికార్డుల వాళ్ల కంపెనీలో. ఆ డిసెంబరులోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1934లో అబీ రోడ్ స్టూడియోలో ఆర్కెస్ట్రా కండక్టర్ థామస్ బీచమ్ తన బృందంతో మోజార్ట్ సింఫనీ వాయిస్తుంటే రెండు ఛానెళ్లలో పట్టాడు. అలాంటి రికార్డులు జనం చేతికి వచ్చేసరికి 1950ల చివరి ఏళ్లు వచ్చాయి. బ్లమ్లైన్ మాత్రం 1942లోనే, రాడార్‌ని పరీక్షిస్తున్న విమానం కూలి, 38 ఏళ్లకే పోయాడు.

ఇప్పుడు షోరూముకెళ్లి ‘పాటలు వినడానికి ఏం కొనాలి’ అని అడిగితే, చాలాసార్లు సినిమా కోసం చేసిన ఏడు స్పీకర్ల సరౌండ్ రిసీవర్‌నే చూపిస్తారు. కానీ పాట ఎలా తయారవుతుందో చూడండి. ఎల్పీ గాడికి రెండు గోడలు, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. 1982లో వచ్చిన సీడీలోనూ రెండు ఛానెళ్లే. స్ట్రీమింగ్‌లో వినే పాటల్లోనూ అత్యధికం అంతే. ఏడు యాంప్లిఫయర్లున్న రిసీవర్లో ఆ పాట పెడితే అయిదు ఖాళీగా కూర్చుంటాయి. వాటికీ మీరు డబ్బు కట్టారు. హెచ్‌డీఎంఐ బోర్డులకు, డాల్బీ, డీటీఎస్‌ల లైసెన్సులకు కూడా కట్టారు. అదే డబ్బు స్టీరియో యాంప్లిఫయర్లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌కీ, ఆ రెండు ఛానెళ్లకీ చేరుతుంది.

కొన్నిసార్లు ఆ అయిదూ ఖాళీగా కూర్చోవు, అది ఇంకా ఇబ్బంది. ‘ఆల్ ఛానెల్ స్టీరియో’ లాంటి మోడ్ ఆన్‌లో ఉంటే రిసీవర్ రెండు ఛానెళ్ల పాటనే అన్ని స్పీకర్లకూ పంచేస్తుంది. పెళ్లి పందిట్లోకి బాగుంటుంది. కూర్చుని వినేవాళ్లకి గాయని ఎక్కడ నిలబడిందో అంతు చిక్కదు. రిసీవర్లో పాట బాగోదని తిట్టుకునేవాళ్లు ముందు రిమోట్ మీద ‘స్టీరియో’ బటన్ నొక్కి చూడాలి.

వాట్ల మాయ! టేప్‌రికార్డర్ల కాలంలో డబ్బా మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని రాసి అమ్మేవాళ్లు, గుర్తుందా? ఆ అంకెకు ఒక ప్రామాణికమైన కొలతంటూ లేదు. ఇలాంటి గొప్పలు భరించలేకే అమెరికా 1974లో స్టీరియో యాంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి చెప్పాలో రూలు పెట్టింది. ఇప్పటి పేచీ వేరు. ఒకే రిసీవర్ మాన్యువల్లో ఒకచోట 80 వాట్లు, ఇంకోచోట 140 వాట్లు కనిపించవచ్చు. రెండూ అబద్ధాలు కావు. మొదటిది 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటితో, 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా, శబ్దం చెడకుండా కొలిచింది. రెండోది 6 ఓమ్‌లతో, ఒక్క 1,000 హెర్ట్‌జ్ దగ్గర, ఒకే ఛానెల్ నడిపి, 10 శాతం డిస్టార్షన్‌ని ఒప్పుకుని కొలిచింది. డబ్బా మీద పెద్దక్షరాలతో ఏది అచ్చవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏడు ఛానెళ్లూ ఒకేసారి పనిచేస్తే మొదటి అంకె కూడా తగ్గుతుంది, ఎందుకంటే అన్నిటికీ పవర్ సప్లయి ఒక్కటే.

ఆ 140 కోసం ఆశపడాల్సిన పనీ లేదు. 88 డెసిబెల్స్ స్పీకర్ అంటే ఒక్క వాటుకి మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చేది. ఇంట్లో పక్కవాళ్లు తలుపు కొట్టేంత మోత అది. పాటలో మృదంగం దెబ్బ, డ్రమ్ము దెబ్బ లాంటివి హఠాత్తుగా లేచినప్పుడు పది ఇరవై రెట్లు కావాలి గనక ఇరవై ముప్పై వాట్లుంటే మామూలు హాలుకి సరిపోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి ‘రెట్టింపు మోత’ అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 మీద రాసింది ఛానెల్‌కి 20 వాట్లే. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయిన హైఫై యాంప్లిఫయర్లలో అదొకటి.

అలాగని రిసీవర్‌ని తీసిపారేయకండి. మన హాళ్లు ఎలా ఉంటాయి? కింద టైల్స్, పైన కాంక్రీటు స్లాబు, ఓ పక్క పెద్ద అద్దాల కిటికీ. బేస్ ఓ మూల గుంయ్‌మంటుంది, ఇంకో మూల వినపడనే వినపడదు. రిసీవర్‌తో వచ్చే చిన్న మైకుని సోఫా దగ్గర పెడితే అది గదిని కొలిచి ఆ హెచ్చుతగ్గుల్ని చాలావరకు సర్దుతుంది. ఆడిస్సీ, డిరాక్ అనే పేర్లు డబ్బా మీద కనిపించేది దీనికే. చిన్న స్పీకర్ల మీద భారం పడకుండా 80 హెర్ట్‌జ్ కింది బేస్‌ని సబ్‌వూఫర్‌కి మళ్లించడం కూడా రిసీవర్‌కి వెన్నతో పెట్టిన విద్య. చవక స్టీరియో యాంప్లిఫయర్లలో ఈ రెండూ అరుదు. గది మరీ మోత మోగేదయితే పాటకి కూడా నా ఓటు రిసీవర్‌కే.

అన్నట్టు, ‘ప్యూర్ డైరెక్ట్’ నొక్కితే శబ్దం స్వచ్ఛమవుతుందని చాలామంది మురిసిపోతారు. చాలా రిసీవర్లలో అది నొక్కగానే గది దిద్దుబాటు, సబ్‌వూఫర్ మళ్లింపు రెండూ ఆగిపోతాయి. నొక్కకపోతే రిసీవర్ ఎల్పీ నుంచి వచ్చే అనలాగ్ శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి, మళ్లీ అనలాగ్ చేసి పంపుతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

పాటని నాలుగు మూలలా వినిపించాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1970ల మొదట్లో నాలుగు ఛానెళ్ల ‘క్వాడ్రఫోనిక్’ రికార్డులొచ్చాయి. ఒక కంపెనీ పద్ధతి ఇంకో కంపెనీ యంత్రానికి సరిపడక పదేళ్లలో మూలపడ్డాయి. సినిమా దారి వేరు. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ 5.1 థియేటర్లకొచ్చింది. మన ‘మాయాబజార్’కి 2010లో రంగులద్దినప్పుడు మోనో శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చారు. 2021లో ఆపిల్ మ్యూజిక్ డాల్బీ వాళ్ల ‘అట్మాస్’ సరౌండ్ పద్ధతిలో పాటలు మొదలుపెట్టింది. వాటిని చుట్టూ విడివిడిగా పెట్టిన స్పీకర్లలో వినాలంటే మాత్రం స్టీరియో యాంప్లిఫయర్ చాలదు, రిసీవర్ లాంటిది కావాలి.

టీవీ కోసమే రిసీవర్ కొనాలనుకుంటున్నారా? హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న స్టీరియో యాంప్లిఫయర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. టీవీ శబ్దం ఒక్క వైరుతో రెండు మంచి స్పీకర్లకు వస్తుంది, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ తగ్గుతుంది. వార్తలకీ సీరియళ్లకీ అంతకంటే ఏం కావాలి? పైగా యాంప్లిఫయర్‌కి తొందరగా ముసలితనం రాదు. ఆనాటి ఎన్‌ఏడీలు మరమ్మతులతో ఇప్పటికీ పాడుతున్నాయి. 2010 నాటి రిసీవర్ గుండా మాత్రం సెకనుకి 60 ఫ్రేముల 4కే బొమ్మ వెళ్లదు. శబ్దం బాగానే ఉన్నా దాన్ని మార్చేస్తారు.

ఏది కొన్నా సరే, ఇంటికి తెచ్చాక పెట్టాల్సిన మొదటి పాట ఘంటసాలది, రీమిక్స్ చేయనిది. అది మోనో కాబట్టి రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తుంది. మీరూ రెండు స్పీకర్లూ సమబాహు త్రిభుజంలో ఉండేలా కూర్చోండి. గొంతు స్పీకర్లలోంచి కాకుండా సరిగ్గా మధ్యలో, ఏమీ లేనిచోట నిలబడాలి. చెదిరిపోయి, బేస్ కూడా పలచగా ఉంటే ఒక స్పీకర్ వెనక ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయన్నమాట. రెండో స్పీకర్‌ని ముట్టుకోకుండా, స్విచ్ ఆపి, ఆ ఒక్కదాని వైర్లే మార్చండి.